ఆరు మెట్ల తెలుపు

మా పాప ప్లేస్కూలు ఐడీ కార్డుకి ఫొటో కావాలంటే మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టూడియోకి తీసుకెళ్లాను. మూడేళ్ల పిల్ల, ఎత్తు స్టూలు మీద కుదురుగా కూర్చుని ఎవరూ చెప్పకుండానే నవ్వింది. స్టూడియో ఆయన కంప్యూటర్లో ఫొటో తెరిచి, నా వైపు చూడకుండానే అడిగాడు.

"జర కలర్ పెంచాల్నా మేడమ్? పాప ఇంకా మంచిగొస్తది."

ఆయన తప్పేమీ లేదు. కూరగాయల బండాయన కరివేపాకు పడేసినట్టు అడక్కుండానే అందరికీ రంగు పడేస్తుంటాడు. "వద్దు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పాప నవ్వు ఆపేసింది. ఇంటికొచ్చాక మా అత్తగారు ఫొటో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటమ్మా, ఉన్నది ఉన్నట్టు తీసేశాడూ" అని నొచ్చుకున్నారు. ఆవిడది కోస్తా జిల్లా. నాకు ఏడో నెల వచ్చినప్పటి నుంచి పాలల్లో కుంకుమపువ్వు కలిపి తాగించిన మనిషి. ఫలితం తేలలేదని ఇప్పటికీ ఆవిడకి లోపల ఒక బాధ.

పాప నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు ఉంచకుండా ఉండటమే ఒకప్పుడు నా ఉద్యోగం. అందులో నేను ఎంత నిపుణురాలినో, ఆ నైపుణ్యం ఎవరి నెత్తిన పడిందో, ఇప్పుడు అలాంటి ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ చెప్పాలనిపించింది. నీతి కోసం కాదు. నీతి చెప్పే అర్హత నాకు లేదని మీకే తెలుస్తుంది.

చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద, ఒక హాస్టల్‌కీ టిఫిన్ సెంటర్‌కీ మధ్య ఉన్న కోచింగ్ సెంటర్‌లో నేను పబ్లిసిటీ చూసేదాన్ని. బీఏలో చరిత్ర చదివాను కాబట్టి ఈ పనికి సరిపోతానని మా చైర్మన్ గారు అన్నారు. అప్పుడు అర్థం కాలేదు, తర్వాత అయింది. జరిగినదాన్ని మనకి కావలసినట్టు రాసుకోవడం రెండింట్లోనూ ఉంది.

మీరు ఎల్బీనగర్ నుంచి మూసారాంబాగ్ దాకా మెట్రో స్తంభాల వెంబడి చూసే ర్యాంకర్ల ఫ్లెక్సీలు ఎలా తయారవుతాయో చెబుతాను. మా దగ్గర రెండు బ్లేజర్లు ఉండేవి. నిజం బ్లేజర్లు కాదు, కంప్యూటర్లో. నీలం రంగు బ్లేజర్ తొడుక్కున్న తలలేని అబ్బాయి ఒకడు, తలలేని అమ్మాయి ఒకతె. ర్యాంకు వచ్చిన పిల్లల తలలు కోసి వీళ్ల మెడల మీద పెట్టడమే పని. తర్వాత రంగు. కంప్యూటర్లో తెలుపుని ఒక్కో మెట్టుగా పెంచవచ్చు. ప్రతి మొహాన్నీ రెండు మెట్లు తెల్లగా చేయాలన్నది ఆఫీసు నియమం. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ అడగలేదు. తెల్లగా ఉన్న పిల్లలకి కూడా రెండు మెట్లు తప్పవు. సమానత్వం అంటే అదే అనుకునేవాళ్లం.

ఆ ఏడు మెడికల్ ఎంట్రన్స్‌లో మా సెంటర్‌కి మంచి ర్యాంకు తెచ్చిన అమ్మాయిది సరూర్‌నగర్. ఫొటో తీయించుకోవడానికి వాళ్ల నాన్నతో కలిసి వచ్చింది. ఆయన ఆరడుగుల పైన ఉంటాడు, నిగనిగలాడే నలుపు. రిసెప్షన్‌లో అమ్మాయి లేచి నిలబడి, చెవిటివాళ్లకి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి ఇంగ్లీషులో, ఎక్కణ్ణుంచి వస్తున్నారు సర్ అని అడిగింది.

"సరూర్‌నగర్ చెర్వు కట్ట కాడికెల్లి వస్తున్నం అమ్మా. బిడ్డను ఫొటోకు తోల్కరమ్మన్నరంట" అన్నాడాయన.

ఇరవై ఏళ్ల పైనే అయిందట ఆయన సూడాన్ నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి. కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో ఒక అమ్మాయి పని చేసేది. "ప్రాజెక్టు ఒక్కటే, కాపీలు మాత్రం నలభై తీయించిన మేడమ్. అప్పటికి గాని ఆమెకు సమజ్ కాలే" అని నాకు చెప్పి నవ్వాడు. పెళ్లయింది. ఆయనది రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం, ఆమెది ఇప్పుడు సొంత జిరాక్స్ షాపు. అమ్మాయికి తండ్రి రంగు, తల్లి కళ్లు, ఎవరి మాటా వినని చిన్న చిన్న ఉంగరాల జుట్టు. క్లాసులో కొందరు సార్లు ఆమెతో ఇంగ్లీషులోనే మాట్లాడేవారట. స్నేహితులు ర్యాప్ పాడమనేవారట. "నాకు బతుకమ్మ పాటలు తప్ప ఏం రావు మేడమ్" అంది.

చైర్మన్ గారు అద్దం తలుపు వెనక నుంచి చూసి నన్ను లోపలికి పిలిచారు.

"ఎవరమ్మా ఆయన, వెస్టిండీస్ ప్లేయర్‌లా ఉన్నాడు?"

"మన టాప్ ర్యాంకర్ వాళ్ల నాన్నగారండి."

ఆయన అద్దంలోంచి మళ్లీ ఒకసారి చూశారు. "మదర్?"

"తెలుగేనండి. ఇక్కడ సరూర్‌నగరే."

"పోనీలే" అన్నారు. ఎవరికో ఒంట్లో బాగాలేక గండం గడిచిందంటే అనే పోనీలే అది. ఆ తర్వాత, "ఇలాగే ఫ్లెక్సీ వేశామనుకో, ఆఫ్రికా నుంచి పిల్లల్ని తెప్పించి ర్యాంకులు కొట్టిస్తున్నారంటారు పక్క సెంటరు వాళ్లు. కాస్త మన అమ్మాయిలా చేసెయ్యమ్మా" అన్నారు.

మన అమ్మాయే కదండీ అని నేను అనలేదు. ఈ సమాధానం ఇప్పుడు రాస్తుంటే తోచింది, మూడేళ్లు ఆలస్యంగా.

నిజానికి అప్పుడు నాకు ఆయన మాట వింతగా కూడా అనిపించలేదు. మనం చూసే సినిమాలు ఎలాంటివో మీకు తెలుసు. హీరో పాట పాడుతుంటే వెనక తెల్ల పిల్లలు చలికి వణుకుతూ డాన్సు చేస్తారు. హీరోయిన్ తల్లి ఏ యూరప్ దేశస్థురాలో అయితే, ఆ సంగతి ఆమె అందానికి కారణంగా ఇంటర్వ్యూల్లో చెప్పుకుంటారు. ఆఫ్రికా మనిషి తెర మీదకి వచ్చాడంటే చేతిలో పొట్లం ఉంటుంది, రెండో రీలులో పోలీసు జీపు వస్తుంది. సగం తెలుపు కలిస్తే పోస్టరు, సగం నలుపు కలిస్తే పోలీసు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ కంఠతా వచ్చు.

నేను కూర్చుని పని చేశాను. రెండు మెట్లతో లాభం లేకపోయింది. నాలుగు చేశాను, జ్వరం తగ్గిన మనిషిలా వచ్చింది. ఆరు మెట్లకి మన అమ్మాయి అయింది. జుట్టు మాత్రం బ్లేజర్ మెడలో ఇమడలేదు. తలలేని అమ్మాయికి ఎడమ భుజం మీదుగా ముందుకి జడ రావాలి, అది మా పద్ధతి. అందుకని నిరుటి మూడో ర్యాంకరు జడ కోసి ఈ తలకి అతికించాను. ఆ జడకి చివర సీతాకోకచిలుక క్లిప్పు ఉంది. ముద్దుగా ఉందని ఉంచేశాను. పని పూర్తి చేసి పాత ఫైలు మీదే సేవ్ చేశాను. అసలు ఫొటో మళ్లీ కావాల్సి వస్తుందని తోచలేదు. అప్పుడు నాకు ఏడో నెల. పొట్ట మీద చెయ్యి వేసుకుని, చాలా బాగా వచ్చిందే అనుకున్నాను.

ఫ్లెక్సీలు కట్టిన రోజు సాయంత్రం అమ్మాయి తల్లి ఫోన్ చేసింది.

"మేడమ్, మా బిడ్డ ఫొటో పెట్టలే ఏంది? చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాంక నడుస్తూ చూసిన. ఏడ లేదు."

"పెట్టామండి. పైన మొదటిది మీ పాపే."

అటువైపు జిరాక్స్ మెషిన్ చప్పుడు వినపడుతూ ఉంది. ఒక్క కాగితం, ఇంకొకటి, ఇంకొకటి.

"మరి గా జడేంది మేడమ్?"

"లైటింగ్ వల్ల అలా వచ్చిందండి" అన్నాను. లైటింగ్ వల్ల జడ వస్తుందని చెప్పిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

ఆమె తిట్టలేదు. "మా గల్లీల ఎవ్వరు నమ్ముతలేరు మేడమ్. ర్యాంకొచ్చిందంటివి, ఫ్లెక్సీల లేదేంది అంటున్నరు. సన్మానం ఫంక్షన్ల అందరి ముంగట స్టేజీ ఎక్కుతది గదా, అప్పుడన్న చూస్తరు. గల్లీ వాళ్లందర్ని తోల్కొస్త" అంది. సరేనండి అన్నాను. గండం గడిచిందనుకున్నాను. ర్యాంకు ఆ పిల్లదేనని నమ్మించడానికి వాళ్లకి ఇక మిగిలింది ఆ స్టేజీ ఒక్కటే అన్న సంగతి నా బుర్రకి ఎక్కలేదు.

సన్మాన సభ ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. గేటు దగ్గర మర్ఫా డప్పుల వాళ్లని పిలిపించాం. హైదరాబాద్‌లో మర్ఫా మోగకుండా పెళ్లి బరాత్ కదలదు కదా. ఆ దరువు అరబ్బు దేశం నుంచీ ఆఫ్రికా నుంచీ నిజాం కొలువుకి వచ్చిన సైనికులతో పాటు ఈ ఊరికి వచ్చింది. ర్యాంకర్ల తండ్రులు, మేనమామలు చేతులు పైకెత్తి దానికి ఎగురుతున్నారు. మా చైర్మన్ గారు కూడా రెండడుగులు వేశారు.

యాంకరింగ్ నా మెడకే చుట్టారు. ఎనిమిదో నెల పొట్టతో పట్టుచీర కట్టుకుని మైకు పట్టుకున్నాను. మొదటి ప్రసంగం మా హిస్టరీ సార్‌ది. గ్రూప్స్ బ్యాచ్‌లకి పాఠాలు చెప్పే పెద్దాయన, మంచి వక్త. ప్రతి ఏడూ ఒకటే కథ చెబుతారు, ప్రతి ఏడూ జనం కళ్లు తుడుచుకుంటారు. ఒక తెల్ల దొర ఈస్టిండియా కంపెనీ తరఫున ఈ ఊరొచ్చి, నవాబుల ఇంటి పిల్లని ప్రేమించాడు. మన దుస్తులు తొడుక్కున్నాడు, మీసం పెంచాడు, చేతులకి గోరింటాకు పెట్టుకున్నాడు. ఆమె పరదా దాటి రాలేదని, తను కట్టించిన పెద్ద మేడకి బొమ్మరిల్లంత నమూనా చేయించి ఆమె తోటలో పెట్టించాడు. "రంగు, మతం, దేశం అడ్డురాని ప్రేమకి పుట్టినిల్లు మన నగరం" అని ముగిస్తారు.

ఆ ఇద్దరికీ పిల్లలున్న సంగతి సార్ ఎప్పుడూ చెప్పరు. నాకు బీఏలో చదివింది గుర్తుంది. మూడు నాలుగేళ్ల వయసుకే వాళ్లని ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారు. అక్కడ పేర్లు మార్చారు, మతం మార్చారు, తల్లి మళ్లీ చూడలేదు. ఇక ఆఫ్రికా నుంచి వచ్చిన గుర్రపు దళం వాళ్లు ఇక్కడి ఆడపిల్లల్ని చేసుకుని ఇక్కడే పిల్లల్ని కని ఇక్కడే మట్టిలో కలిసిన కథ సార్ నోట్సులో ఒక బిట్టు ప్రశ్న. నాలుగు ఆప్షన్లు. జవాబు సి.

సార్ గోరింటాకు దగ్గరికి వచ్చేసరికి నా ఫోన్ మోగింది. గేటు దగ్గర వాచ్‌మన్.

"మేడమ్, ఎవరో పిల్ల ర్యాంకర్ పాస్ తెచ్చింది. పాస్ మీద ఫొటో వేరే పిల్లది. ఏం చెయ్యాలె?"

పాసుల మీద ఫొటోలు కూడా నేను వేయించినవే. అదే ఫైలు.

వెళ్లేసరికి గేటు దగ్గర గుంపు. అమ్మాయి బతుకమ్మకి కట్టుకునే లాంటి మంచి పట్టు లంగావోణీలో ఉంది. జుట్టుని ఎంతో కష్టపడి వెనక్కి కట్టింది. పక్కన తల్లి, తండ్రి, వాళ్ల వెనక గల్లీ ఆడవాళ్లు పదిమంది. వాచ్‌మన్ పాస్‌ని ఆమె మొహం పక్కన పెట్టి, ఎదురుగా కట్టిన పెద్ద ఫ్లెక్సీ వైపు చూపిస్తున్నాడు.

"మీరే చూడుండ్రి మేడమ్. ఆ పాప ఈ పాప ఒక్కటేనా? నేను నౌకరీ చేస్తున్న, రేపు నన్నే అంటరు."

ఆ గేటు దగ్గర తన పని సరిగ్గా చేసినవాడు అతనొక్కడే. గుంపులో ఒకాయన అప్పటికే ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. "పరీక్ష రాసింది ఒకరు, ర్యాంకు ఇంకొకరికి. డమ్మీ క్యాండిడేట్ అంటే ఇదే" అని ఫోన్‌కి వివరిస్తున్నాడు. ఆ మాట వినగానే అమ్మాయి చప్పున తిరిగి, తల్లి చేతిలో సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరు పట్టుకుంది. మెడికల్ సీటు రాకముందే ఈ వీడియో ఊరంతా తిరిగితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. ఆ ఫొటో నేను మార్చాను అని ఒక్క ముక్క అంటే అయిపోయేది.

"లోపలికి పంపించు, నేను చూసుకుంటాను" అన్నాను.

తండ్రి మాత్రం వాచ్‌మన్ భుజం తట్టాడు. "నీ తప్పు లేదు తమ్మీ. ఇరవై ఏండ్ల సంది నన్ను రోజొకడు అడుగుతడు, ఏ ఊరని. నీకన్న పాస్ చూపెట్టినం."

స్టేజీ వెనక చైర్మన్ గారికి విషయం చెప్పాను. ఆయన కంగారుపడలేదు. ఆహ్వాన పత్రిక వెనక రెండు లైన్లు రాసి నా చేతిలో పెట్టారు. "ఇది చదివి పిలువు. పిల్ల మీద గౌరవం కూడా పెరుగుతుంది."

నేను చదివాను. దాచను, స్పష్టమైన ఉచ్చారణతో, ఎక్కడా తడబడకుండా చదివాను. "చదువు కోసం ఏడాది పాటు డాబా మీద మండుటెండలో కూర్చుని, రంగు కోల్పోయినా లక్ష్యం కోల్పోని మన టాప్ ర్యాంకర్‌ని వేదిక మీదకి ఆహ్వానిస్తున్నాం."

చప్పట్లు కొట్టారు. అమ్మాయి మెట్లెక్కింది. శాలువా కప్పించుకుంది, నా దగ్గరికి వచ్చి మైకు అడిగింది. ర్యాంకర్లు థాంక్స్ చెప్పడం ఆనవాయితీ కాబట్టి ఇచ్చాను.

"అందరికి నమస్కారం. మాకు డాబా లేదు సార్" అంది.

ముందు వరసల్లో తలలు పైకి లేచాయి.

"మేముండేది గ్రౌండ్ ఫ్లోర్‌ల, కిరాయికి. మా ఇంట్లకు ఎండ రానే రాదు, బట్టలు గూడ ఆరవు. నా రంగు మా నాన్న రంగు. ఆయన గక్కడ మూడో లైన్‌ల కూసున్నడు, చూసుకోండ్రి." తండ్రి లేచి నిలబడి, ఎందుకు నిలబడ్డాడో తెలియనట్టు మళ్లీ కూర్చున్నాడు. "హిస్టరీ సార్ చెప్పిన దొర కథ గేటు కాడ మైకుల విన్న, మస్తుంది. మా అమ్మనాన్నలది గూడ అసొంటిదే సార్, జర తక్కువ ఖర్చుల అయింది. మేడ కట్టియ్యలే. జిరాక్స్ షాపుల అయిపోయింది."

ముందు ఎవరో నవ్వారు. తర్వాత గల్లీ ఆడవాళ్లు నవ్వారు, తర్వాత హాలు. హిస్టరీ సార్ నవ్వాలో వద్దో తేల్చుకోలేక శాలువా సర్దుకున్నారు. ఆయన చెప్పే బిట్టు ప్రశ్నకి జవాబు సి ఎదురుగా వచ్చి నిలబడింది పాపం.

స్టేజీ కిందికి వచ్చిన తల్లి చేతిలోంచి ఆమె ప్లాస్టిక్ కవరు అందుకుని హాల్ టికెట్ తీసి, గేటు దగ్గర నుంచి వెంట వచ్చి ఇంకా వీడియో తీస్తున్నాయన వైపు తిప్పి పట్టుకుంది. "పరీక్ష రాసిన మొహం ఇది అన్నా. దగ్గరికొచ్చి మంచిగ తియ్యి." ఆయన నిజంగానే దగ్గరికొచ్చి తీశాడు. అప్పుడామె వెనక్కి తిరిగి, స్టేజీ మీద కట్టిన ఫ్లెక్సీలో మొదటి మొహాన్ని చూపించింది. "గా అక్క ఎవరో నాకు తెల్వదు. తెలిసినోళ్లు చెప్పండ్రి."

రెండో వరసలోంచి ఒకావిడ లేచారు. ఆవిడ కూతురు నిరుడు మా మూడో ర్యాంకరు. "మొహం ఎవరిదో తెలియదు కానండీ, ఆ జడ మాత్రం మా అమ్మాయిది. ఆ సీతాకోకచిలుక క్లిప్పు నేనే కొన్నాను, కోఠీలో" అన్నారు, పోయిన గొడుగు దొరికినంత మామూలుగా.

చైర్మన్ గారు నా వైపు చూశారు. అందరూ ఆయన చూసిన వైపు చూశారు. నా చేతిలో రెండో మైకు ఉంది.

"ఫొటో నేను మార్చాను. ఆరు మెట్లు తెల్లగా చేశాను. జడ కూడా నేనే పెట్టాను. ఆ అమ్మాయి ఈ అమ్మాయే" అన్నాను.

ధైర్యం అనుకోకండి. అప్పటికి దాచడానికి ఏమీ మిగల్లేదు. తన పేరు తనే కాపాడుకున్న పిల్ల వెనక నిలబడి సాక్ష్యం చెప్పాను, అంతే. గేటు దగ్గర చెప్పి ఉంటే దానికి విలువ ఉండేది. చేయమన్నది ఎవరో అప్పుడు కూడా చెప్పలేదని గమనించే ఉంటారు. చైర్మన్ గారు గమనించారు. మెటర్నిటీ లీవు అడక్కముందే ఇచ్చారు, మళ్లీ రమ్మని పిలవలేదు.

సభ అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. "ఫొటో రోజు మా నాన్న ఇస్త్రీ చేసిన అంగీ వేయించి తీయించిండు మేడమ్. అది అసలుది మాకు పంపుతరా? ఇంట్ల పెట్టుకుంటం" అంది. సరేనన్నాను. ఆఫీసుకెళ్లి వెతికాను. లేదని నాకు ముందే తెలుసు, అయినా వెతికాను. పంపలేకపోయానని చెప్పడానికి ఫోన్ కూడా చేయలేదు. ఆమె ఇప్పుడు మెడిసిన్ మూడో ఏడులో ఉంది. ఆ సంగతి జిరాక్స్ షాపు అద్దానికి అంటించిన కాగితం మీద చదివాను. లోపలికి వెళ్లలేదు.

ఫ్లెక్సీలు విప్పేశాక ఏమవుతాయో మీకు తెలిసే ఉంటుంది. బండ్ల మీద పరదాలవుతాయి, రేకుల మీద కప్పులవుతాయి. మొన్న స్టూడియో నుంచి పాపని ఎత్తుకుని నడిచి వస్తుంటే, మూసారాంబాగ్ వైపు ఒక మిర్చి బజ్జీల బండి మీద నీలం బ్లేజర్ కనిపించింది. పైన మొదటి మొహం. మూడేళ్ల ఎండకి నల్లబడలేదు. ఇంకా తెల్లబడింది. కళ్లు పోయాయి, ముక్కు పోయింది, పెదాలు ఉన్న చోట చిన్న గీత. జడ, సీతాకోకచిలుక మాత్రం కాస్త తెలుస్తున్నాయి.

పాప వేలు పెట్టి చూపించింది. "అమ్మా, ఆ అక్క మొహమేదీ?"

"తుడిచేశారు" అన్నాను.

"ఎవరూ?"

బజ్జీలు పొట్లం కడుతున్నాయన కూడా తలెత్తి నా వైపు చూశాడు. నా చేతిలో కవరు ఉంది, కవరులో పాపవి ఉన్నది ఉన్నట్టు తీసిన ఎనిమిది పాస్‌పోర్టు సైజు ఫొటోలు.

"అమ్మ" అన్నాను.

పాప కాసేపు నా మొహం చూసింది. తర్వాత నా చేతిలోంచి ఆ కవరు లాక్కుని, తన దగ్గరే పెట్టుకుంది. ఇంటికొచ్చేదాకా ఇవ్వలేదు.